మిషనుకు ఎదురు పోయిన పొద్దు

మిషను కాడ వంటకు కుదిరినప్పుడు అందరికంటే ముందు నాకు నచ్చిన మనిషి పెద్దసారే. ఈ మాటంటే మా మరదలు, తమ్ముని పెళ్లాం, ఇప్పటికీ నా మీద కస్సుమంటుంది. అయినా ఉన్నదే చెప్పాలి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే పక్కింటి పాప రాస్తోంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో రోడ్డు దిగి కుందూ నది వైపు నడిస్తే అన్నీ శనగ చేలు. పైన నల్లరేగడి, కింద నాపరాయి. ఆ రాతి కింద పెద్ద నీటి దారి ఉందని, అది దొరికితే ఎండాకాలం చుట్టుపక్కల ఊళ్లకు ఎద్దడి ఉండదని పెద్దసారు నమ్మకం. ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన సైంటిస్టు. భూమి లోపల ఏముందో చెప్పే చదువు చదివాడు. తెచ్చిన మిషను కూడా మామూలు బోరు బండి కాదు. రాతిని పొడి చేయకుండా గుండ్రంగా కోసి, రోకళ్ల మాదిరి పైకి తీస్తుంది. ఆ రాళ్లను రేకు పెట్టెల్లో వరసగా పేర్చి, ఒక్కొక్కదాన్ని తడిగుడ్డతో తుడుస్తూ కూర్చునేవాడు. పసిపిల్లలకు ముఖం కడిగినట్టే ఉండేది.

"చూడమ్మా, ఇది సముద్రం అడుగున పేరుకున్న బురద. మీ నంద్యాల ఒకప్పుడు సముద్రం" అన్నాడు ఒకసారి.

"అయితే అప్పుడు ఉప్పు కొనే పనే లేకపాయ గదా సార్" అన్నాను.

కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఉగ్గాని పెడితే బొరుగు ఒక్కటి మిగల్చడు. అంత పెద్ద చదువు చదివినవాడు నా పక్కన గోనెపట్ట మీద కూర్చుని రాళ్ల కథలు చెబుతుంటే నాకు గొప్పగా ఉండేది.

కానీ ఆయన మాటకు ఎదురు చెబితే మాత్రం మనిషి మారిపోయేవాడు. చెప్పింది ఎవరైనా సరే, ముందు పైనుంచి కిందికి చూసేవాడు. "నీ వయసెంత? నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నువ్వు పుట్టావా?" అనేవాడు. 

ఆ మిషను నడిపేది మా తమ్ముడు. మా ఆయన ఆళ్లగడ్డలో దేవుని విగ్రహాలు చెక్కేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి చనిపోయాడు. దినాలు కాగానే తమ్ముడు ఆటో తెచ్చి నా పెట్టె ఎక్కించి నంద్యాలలో తన ఇంటికి తీసుకుపోయాడు. ఆ ఇంట్లో నన్ను ఆ ఒక్క మాట ఎవరూ అనకూడదు. వాని కూతురి చెవులు కుట్టించిన దినం, మా దూరపు చిన్నాయన ఒకాయన "ఆ ముండమోసినామెను రవ్వంత పక్కనుండమను" అన్నాడు. తమ్ముడు ఆయన చేతిసంచి తెచ్చి ఆయన చేతిలోనే పెట్టాడు. "బస్సుకు టైమైతాంది, బయల్దేరు చిన్నాయనా" అన్నాడు. ఆయన పాపం అన్నం కూడా తినలేదు.

తమ్ముడు ఎంత అడ్డం నిలబడినా నా హద్దు నాకు తెలుసు. ఎవరైనా శుభానికి బయల్దేరుతుంటే నేనే లోపలికి పోతాను. మిషనుకు రాతిని కోసే కొత్త పళ్లు బిగించినప్పుడల్లా మావాళ్లు కర్పూరం వెలిగించి టెంకాయ కొడతారు. ఇంజను చప్పుడు వినిపించేదాకా నేను వంట షెడ్డు వెనకే ఉండేదాన్ని. నన్ను ఎవరూ ఉండమనలేదు. అలవాటు.

ఆ మిషనుకు పైనుంచి నీళ్లు పోస్తూనే ఉండాలి. ఆ నీళ్లు రాతి చూర్ణాన్ని మోసుకుని మళ్లీ పైకి రావాలి. ఒక దినం పోసిన నీళ్లు రాలేదు. ట్యాంకరు మీద ట్యాంకరు తెప్పించారు. అన్నీ మింగింది గానీ చుక్క వెనక్కి ఇవ్వలేదు. పైగా ఆ బొక్కలోంచి చల్లటి గాలి పైకి కొట్టసాగింది. మండే ఎండలో ఆ చలి గాలి కాళ్లకు తగిలితే నాకు ఒళ్లు జలదరించింది.

భద్రత చూసుకోవడానికి కంపెనీ ఒక చిన్నమ్మాయిని పెట్టింది. ఇంజనీరు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఆమె పోయి పెద్దసారు ముందు నిలబడింది.

"కింద బోలుగా ఉంది సార్. మిషను కాళ్ల దగ్గర నేల చీలింది. నిన్న వేలు పట్టేది, ఈ రోజు చెయ్యి పడుతోంది. మనుషులను దించి మిషను పక్కకు జరపాలి."

"నీళ్లు పోతున్నాయంటే దారి ఉన్నట్టే కదా! నేను ఇన్నేళ్లు వెతికింది దానికోసమే. పెళ్లికూతురు గుమ్మంలో నిలబడితే వెనక్కి పొమ్మంటావా?"

ఆమె పోయి మిషను చుట్టూ ఎర్ర రిబ్బను కట్టించింది. ఆయన దాన్ని కత్తిరించి రేకు పెట్టెల మూతలకు కట్టించుకున్నాడు. కట్టిస్తూ నవ్వాడు.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. నంద్యాల డాక్టరు మా ఆయనను ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే, "దేవుని మూతి చెక్కేవాన్ని నా మూతి కట్టుకోమంటాడే" అని ఇలాగే నవ్వేవాడు. నేను కుట్టి ఇచ్చిన గుడ్డతో విగ్రహాల మీద దుమ్ము తుడిచేవాడు. అందుకే నాకు పెద్దసారు మీద కోపం రాలేదు. భయం వచ్చింది.

సాయంత్రం ఆ అమ్మాయి వంట షెడ్డులోకి వచ్చి కూలబడింది. పెద్ద ఆఫీసుకు ఫోను చేసిందట. రేపు మధ్యాహ్నానికి పైవాళ్లు వచ్చి చూస్తారట. అంతవరకు ఆపాలన్నా నడపాలన్నా పెద్దసారు మాటేనట. ఆ సంగతి ఆయన చెవిన పడింది. వాళ్లు వచ్చేలోపే నీళ్లు చూపించాలని, తెల్లారగానే కొత్త పళ్లతో మొదలుపెట్టమన్నాడు.

"రేపు మధ్యాహ్నం దాకా ఆగితే చాలు పెద్దమ్మా. ఎవరూ నా మాట వినడం లేదు" అని ఏడ్చింది. టీ ఇచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

మిషను నడిపేటప్పుడు సరిగ్గా ఆ బొక్క పక్కన నిలబడేది మా తమ్ముడు. వానికి సంగటి వడ్డిస్తూ అన్నాను.

"రేపు కడుపునొప్పని పండుకోరా."

"నేను పండుకుంటే ఇంకొకన్ని నిలబెడతాడు. వానికి మాత్రం అక్క ల్యాదా?"

"అయితే అందరూ పండుకోండి."

"అందరికీ ఒక్కసారే కడుపునొప్పంటే నీ వంట మీదికొస్తాదిక్కా" అని నవ్వాడు. నవ్వుతూ ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వేయించుకున్నాడు గానీ తినలేదు. వేలితో పళ్లెంలో అటూ ఇటూ తోస్తూ, "మా మాటలు ఆయనకు చెవికెక్కవు. మేము భయపడతాండామంటే పిరికోళ్లంటాడు. ఇంటికి పొమ్మంటాడు. ఏం జేస్తాం" అన్నాడు.

భయమని మావాళ్లు ఆగరు. ఇంకేదైతే ఆగుతారు? పొయ్యి ఆర్పుతూ అదే అనుకున్నాను. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. అది నా నుదుటి మీదే ఉంది.

తెల్లారి మిషను ముందు పసుపు కుంకుమ పెట్టారు. మా గుంపులో పెద్దాయన ఒకాయన ఉండేవాడు, పూజ ఆయనే చేసేవాడు. కర్పూరం వెలిగించి టెంకాయ పైకెత్తాడు. తమ్ముడు అప్పటికే మిషను ఎక్కి నిలబడి ఉన్నాడు. వాని కూతురు నాకు రోజూ చిన్న నల్ల స్టిక్కరు బొట్టు పెట్టేది. దాన్ని గోటితో తీసేశాను. కొంగు భుజాన కప్పుకుని, ఖాళీ బిందె చంకన పెట్టుకుని, షెడ్డు వెనకనుంచి బయటికొచ్చి నేరుగా వాళ్లకు ఎదురుగా నడిచాను. కర్పూరం పొగ నా ముఖానికి తగిలేంత దగ్గరికి పోయి నిలబడ్డాను.

పెద్దాయన చెయ్యి దించేశాడు. "ఏందమ్మా ఇట్ల ఎదురొస్తివే" అన్నాడు, చిన్నగా.

"ఏమైంది? కొట్టు" అన్నాడు పెద్దసారు.

"ల్యా సార్. ఎదురైంది. ఈ పొద్దు మిషను ముట్టగూడదు."

"ఏం ఎదురైంది? మన వంటామె! రోజూ ఆమె చేతి టీ తాగే కదా పనిలోకి దిగుతారు!"

"టీ యేరే సార్, ఎదురు యేరే."

"ఈ కాలంలో కూడా ఏం పిచ్చి ఇది!" అని ఆయన తమ్ముని వైపు తిరిగాడు. "నువ్వు ఐటీఐ చదివావు. ఆమె నీ సొంత అక్క. వీళ్లకు బుద్ధి చెప్పు. స్టార్ట్ చెయ్."

తమ్ముడు నన్ను చూశాడు. బిందెను చూశాడు. నా నుదురు చూశాడు. నేను ముందు రోజు వానికి ఈ సంగతి ఒక్క మాట చెప్పలేదు. అయినా అర్థమైంది.   నేను తల కొంచెం ఊపాను. చెప్పు నాయనా, అని.

"మా అక్కే సార్" అన్నాడు. "అయితే ముండమోసిన మనిషి. వట్టి బిందెతో ఎదురొచ్చింది. నేను ముట్టను."

దిగేశాడు. వాని వెనక మిగిలినవాళ్లంతా దిగారు. పెద్దాయన నా మీదికి చెయ్యెత్తి, "కండ్లు నెత్తికెక్కినాయా? పో లోపలికి!" అని గట్టిగా అరిచాడు. సారుకు వినబడాలని అరిచాడని నాకు తెలుసు. 

షెడ్డు వెనక్కి పోయి కూర్చున్నాను. ఆ మాటను ఎంతోమంది నోట విన్నాను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేదాన్ని. ఆ పొద్దు మాత్రం అది చెవి దాటి పోలేదు. అడిగి అనిపించుకున్నదాన్ని నేనే. ఇంజనీరమ్మాయి వచ్చి నా పక్కన ఆనుకుని కూర్చుంది. తోడుగా ఉంది, అంతే.

పెద్దసారు మిషను తాను నడుపుతానన్నాడు. తాళం చెవి తమ్ముని జేబులో ఉంది, వాడు చేను దాటి రోడ్డెక్కేశాడు. ఇక ఏం చేయాలో తోచక మిషను పక్కనే రేకు పెట్టె మీద కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా లేవలేదు. ఇంజనీరమ్మ పిలిస్తే పలకలేదు. నేను పోయాను.

"నువ్వు కూడా నమ్ముతావా ఇవన్నీ?" అన్నాడు.

"నేను నమ్మితే నాకేం మిగుల్తాది సార్. వాళ్లు నమ్ముతారు గదా. రాండి, ఆడ నీడలో అన్నం పెట్టినా."

"నాకొద్దు."

మా ఆయన కూడా ఇంతే. బతిమాలితే ఇంకా బిగుసుకునేవాడు. అందుకని మాట్లాడకుండా పక్కనున్న పెట్టెలోంచి ఒక రాతి రోకలి తీసి చంకన పెట్టుకుని నడిచాను.

"ఏయ్! పెట్టక్కడ! వరస తప్పుతుంది! ఎక్కడిదో ఎలా తెలుస్తుంది మళ్లీ?" అని అరుస్తూ నా వెనకే వచ్చాడు. షెడ్డుదాకా తిట్టుకుంటూనే వచ్చాడు. రాయి లాక్కుని, తుడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు పళ్లెం పెట్టాను. చెయ్యి కడుక్కున్నాడు.

తిన్నాడు. మజ్జిగ తాగాడు. రోడ్డు మీద పైవాళ్ల జీపు దుమ్ము కనబడుతోంది. అప్పుడు చప్పుడైంది. పెద్దది కాదు, బియ్యం మూట చినిగి కారినట్టు. మిషను ఒక కాలు నేలలోకి దిగింది. మిషను మీద నిలబెట్టిన ఇంత పొడుగు కడ్డీ మెల్లగా వంగి, తమ్ముడు నిలబడే చోటు మీదుగా పడిపోయింది. దాని వెనకే నేల కుంగింది. ఎర్ర రిబ్బను కట్టిన పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి లోపలికి జారిపోయాయి.

పెద్దసారు లేచి నిలబడ్డాడు. ఒళ్లోని రాయి రెండు చేతుల్లో ఉంది. నా వైపు తిరిగాడు.

"కావాలనే వచ్చావా పొద్దున?"

"మీకేమనిపిస్తాది సార్?"

"నాకిప్పుడు ఏమీ అనిపించడం లేదమ్మా" అన్నాడు.  కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. రాయి వదిలి గ్లాసు పట్టుకోకపోతే నేనే తాగించాను. ఆ సాయంత్రమే ఆయనను జీపులో తీసుకుపోయారు. మళ్లీ చూడలేదు.

తమ్ముడు తిరిగొచ్చి నన్ను బండి మీద ఎక్కించుకుని నంద్యాలకు బయల్దేరాడు.  కాలవ దాటాక బండి పక్కకు ఆపేశాడు. వెనక్కి తిరగలేదు.

"అక్కా, నన్ను తిట్టు."

"ఇంటికి పోయినాంక తిడతాలే. నడుపు."

"ల్యా. ఇప్పుడే తిట్టు."

సరే అని తిట్టాను. అడ్డగాడిదా అన్నాను. దున్నపోతా అన్నాను. మా అమ్మ తిట్టే తిట్లన్నీ గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు తిట్టాను. వాని భుజాలు నవ్వుకు ఊగడం మొదలైంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"ఆడ నిలబడి సచ్చిపోదామనుకుంటివేరా?" అన్నాను. "నువ్వు పోయింటే, నన్ను ఎవరూ ఆ మాట అనకుండా చూసేటోడు యాడుండాడురా నాకు?"

భుజాలు ఆగిపోయాయి. కొంగు అందిస్తే ముఖం తుడుచుకున్నాడు. తర్వాత బండి స్టార్టు చేశాడు. నెమ్మదిగా పోనీయమన్నాను. ఎన్నడూ నా మాట వినని వాడు ఆ పొద్దు విన్నాడు. ఆటోలు, పాల బండ్లు, సైకిళ్లు సైతం మమ్మల్ని దాటిపోయాయి.