బ్రాకెట్లో దాచిన మాట

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో నన్ను ఎల్‌బీ నగర్ వైపు బహిరంగ సభలకు షార్ట్‌హ్యాండ్ రిపోర్టరుగా వేశారు. పోలీసు శాఖలో మాది చిన్న హోదా. వేదిక పక్కన కూర్చుని వక్త మాటలను గీతల్లో రాసుకోవాలి, మర్నాటికి టైపు చేసి ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలి. ఒక్క మాట కూడా మార్చకూడదు.

ఒక సాయంత్రం స్థానిక ఎమ్మెల్యే ప్రసంగిస్తూ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారులను "లుచ్చాగాళ్లు" అన్నారు. నల్గొండ పల్లె నుంచి వచ్చి మూడుసార్లు గెలిచిన మనిషి, నోరు జారడం ఆయనకు కొత్త కాదు. మాదీ దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కోస్తా కుటుంబమే. ఒళ్లు మండింది, అయినా నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టే రాశాను. మర్నాడు కంప్యూటర్ ముందు మాత్రం వేళ్లు కదల్లేదు. అలాంటి మాట నోటితో ఎప్పుడూ అనని దాన్ని. ఆ చోట "(అసభ్య పదం)" అని కొట్టి సంతకం పెట్టేశాను.

వ్యాపారుల ఫిర్యాదుతో విచారణ మొదలైంది. నా కాగితం సంగతి ఎలాగో బయటికి పొక్కింది. వారం తిరిగేసరికి ఎవరికి తోచిన బూతు వాళ్లు ఆ బ్రాకెట్లో పెట్టేసుకున్నారు. ఆడవాళ్లను తిట్టారట అన్న మాట మలక్‌పేట దాకా పాకింది.

ఏసీపీ గారు నన్ను పిలిపించేసరికి ఎమ్మెల్యే ఆ గదిలోనే ఉన్నారు. కేకలేస్తారనుకున్నాను. నెమ్మదిగానే మాట్లాడారు.

"నేనన్న మాటే రాయుండ్రి మేడం. గీ బ్రాకెట్ జేయవట్టి మా బిడ్డ నాతోని మాట్లాడ్తలేదు. అననిదానికి నేనెట్ల జవాబు చెప్పాలె?"

"టైపు చేయడానికి సిగ్గేసిందండీ," అని ఏసీపీ గారి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన నోట్‌బుక్ తెప్పించి ఆ పేజీ నాతోనే చదివించారు. టైపు చేయలేని మాటను ఇద్దరు మగవాళ్ల ముందు పైకి చదవాల్సి వచ్చింది. సరిచేసిన ప్రతితో పాటు నాకు మెమో వచ్చింది. సర్వీసు మొత్తంలో అదొక్కటే, న్యాయంగానే వచ్చింది.

తర్వాత దిల్‌సుఖ్‌నగర్ సభలో ఎమ్మెల్యే, "లుచ్చాగాళ్లు అన్న. తప్పయింది, మాఫ్ చేయుండ్రి. గంతకు మించి ఒక్క ముక్క అనలే," అన్నారు. వ్యాపారులు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రసంగం రాసిందీ నేనే. మర్నాడు ఆ మాట పూర్తిగా టైపు చేశాను.

ఆయన మీద నాకు గౌరవం పెరిగిందని చెప్పను. కానీ తను అన్నదానికి ఆయన జవాబు చెప్పుకున్నారు, అననిదాన్ని ఆయనకు అంటగట్టింది నేను. రిటైరయ్యే దాకా మళ్లీ ఏ మాటకూ బ్రాకెట్ పెట్టలేదు.