కోచ్ హేమచంద్ర తెలుగులో ఇచ్చిన మాట

కెనడాలోని రెజైనాలో మా తరం తెలుగువాళ్ళ పిల్లల్లో డాక్టర్లున్నారు, అకౌంటెంట్లున్నారు, ప్రభుత్వ ఆఫీసుల్లో మంచి హోదాలో ఉన్నవాళ్ళున్నారు. ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకున్నవాడు మాత్రం ఒక్కడే, హేమచంద్ర. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నుకుంటూ పోయే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకుని, హెల్మెట్లూ భుజాలకు కవచాలూ వేసుకుని, ఎదుటివాళ్ళను గుద్దుకుంటూ గజం గజం ముందుకు జరిగే ఆట.

హేమచంద్ర తండ్రి సీతారామారావు గారు యూనివర్సిటీలో నేలల శాస్త్రం చెప్పేవారు. తల్లి రాగిణి గారు లైబ్రరీలో పనిచేసేవారు. మాదీ వాళ్ళదీ ఒకే వీధి. పదహారేళ్ళకే ఆ పిల్లవాడు మా ఇంటి గుమ్మంలోకి తల వంచి రావాల్సి వచ్చేది. కొడుకు ఇంజినీరింగ్ చదవాలని తండ్రికి ఉండేది. హేమచంద్ర చదివాడు కూడా. కానీ డిగ్రీ చేతికొచ్చిన వేసవిలోనే తూర్పు వైపు ఒక ప్రొఫెషనల్ టీమ్ పిలిస్తే సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయాడు.

టీమ్‌లో అతని పనిని లాంగ్ స్నాపర్ అంటారు. బంతిని దూరంగా తన్నేయాల్సి వచ్చినప్పుడు అతను మైదానం మధ్య నడుం వంచి, తన కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి విసరాలి. పదిహేను గజాల వెనక నిలబడ్డ పంటర్ దాన్ని అందుకుని తన్నుతాడు. విసరడం అంతా ఒక్క సెకను పని. విసిరిన మరుక్షణం ఎదుటి టీమ్ వాళ్ళు మీద పడతారు. తల వంచి ఉన్న మనిషికి కాచుకునే వీలుండదు.

మొదటి సీజన్ అయ్యాక ఇంటికొస్తే సీతారామారావు గారు అన్నారు: "అన్ని మ్యాచులూ రేడియోలో విన్నానురా. నీ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు."

"అంటే బాగా ఆడానన్నమాట నాన్నా. తప్పు చేస్తేనే చెప్తారు" అన్నాడు హేమచంద్ర.

ఏడేళ్ళు ఆడాడు. ఆ ఏడేళ్ళూ అతను విసిరిన బంతిని అందుకున్నవాడు గ్రెగ్ హాల్వర్సన్. గ్రెగ్ కూడా మా వైపువాడే, వేబర్న్ దగ్గర గోధుమ పొలాల మధ్య పుట్టినవాడు. ఇద్దరూ అక్కడ ఒకే అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నారు. క్రిస్మస్‌కి గ్రెగ్ నాలుగు రోజులు హేమచంద్ర ఇంట్లో ఉండి, రాగిణి గారు చేసిన పులిహోర రెండోసారి వడ్డించుకుని తినేవాడు. ఆవిడను అందరిలాగే అమ్మ అనేవాడు. ఒకే ఆటను నమ్ముకుని, దానిలో ఎవరూ చూడని పని చేసే ఇద్దరు మనుషుల మధ్య ఎంత దగ్గరితనం ఉంటుందో నేను వాళ్ళను చూశాకే తెలుసుకున్నాను.

ఏడో ఏట మెడలో నరం దెబ్బతిని హేమచంద్ర కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయి. ఇంజెక్షన్లు వేయించుకుని ఆడాడు. "నీ చోటు ఎక్కడికీ పోదు" అన్నాడు హెడ్ కోచ్. రెండు వారాల తర్వాత ఒక ఉదయం ఆఫీసుకి పిలిచి, టీమ్ ఎత్తుగడలు రాసి ఉండే పుస్తకం తిరిగి తీసుకుని, చేయి కలిపి పంపేశాడు. కొత్త కుర్రవాడితో ముందురోజు మధ్యాహ్నమే ప్రాక్టీసు చేయించారట. ఆ బంతులు అందుకున్నది గ్రెగ్. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే కారులో ఇంటికొచ్చారు, కలిసి భోంచేశారు. గ్రెగ్ ఒక్క మాట చెప్పలేదు.

"చెబితే నీకు నిద్ర పట్టదని చెప్పలేదు" అన్నాడట తర్వాత. హేమచంద్ర ఆ మాట నమ్మాడు. మాకు చెప్పినప్పుడు కూడా, "పాపం వాడేం చేస్తాడు అంకుల్, వాడి ఉద్యోగం వాడిది" అన్నాడు.

రెజైనాకి తిరిగొచ్చి రెండేళ్ళు హైస్కూలు పిల్లలకు ఆట నేర్పాడు. అప్పటికి గ్రెగ్ ఆట మానేసి ఇక్కడే ఒక ప్రైవేట్ కాలేజీలో అడ్మిషన్ల డైరెక్టరయ్యాడు. ఆ కాలేజీ పేరు నేను రాయను. కాలేజీకి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉంటే బాగుంటుందని యాజమాన్యాన్ని ఒప్పించి, 2016లో హేమచంద్రను కోచ్‌గా పిలిచాడు.

ఆ ఆరేళ్ళూ హేమచంద్ర సంతోషంగా ఉన్నాడు. టీమ్‌లో ఎక్కువమంది పల్లెటూళ్ళ నుంచి వచ్చిన రైతుల పిల్లలు. పెద్ద యూనివర్సిటీల టీముల్లో చోటు దొరకనివాళ్ళు. కోచ్‌గా అతను కేకలు వేసేవాడు కాదు. తప్పు చేసిన పిల్లవాణ్ణి పక్కకు తీసుకెళ్ళి, భుజం మీద చేయి వేసి, ఎక్కడ తప్పిందో నేల మీద గీసి చూపించేవాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళను ఆడించేవాడు కాదు, మ్యాచ్ పోయినా సరే. మూడో ఏట ప్రాంతీయ ఫైనల్ దాకా వెళ్ళారు. ఆ రోజు మైనస్ పద్దెనిమిది. సీతారామారావు గారూ నేనూ దుప్పటి కప్పుకుని చూశాం. ఓడిపోయారు. పిల్లలు ఏడుస్తుంటే హేమచంద్ర ఒక్కొక్కరి హెల్మెట్ తీసి నుదురు తుడిచాడు.

ఈలోగా ఊరు మారుతోంది. ప్రతి సెప్టెంబరుకీ ఎయిర్‌పోర్టులో మన పిల్లలు గుంపులు గుంపులుగా దిగుతున్నారు. ఇండియన్ షాపులో సోనామసూరి బస్తాలు వచ్చిన రోజే అయిపోతున్నాయి. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, ఏడుగురు. ఆ కాలేజీలో కూడా అంతే. పాత క్లాసులు చాలక పక్కనున్న ఫర్నిచర్ షోరూమ్‌ని అద్దెకు తీసుకున్నారు.

2022 ఏప్రిల్‌లో గ్రెగ్ వచ్చి హేమచంద్రతో అన్నాడు: "టీమ్ ఖర్చు దండగ అంటున్నారు పైవాళ్ళు. విదేశీ విద్యార్థులు పెరిగితే టీమ్ నిలుస్తుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో మీటింగులు పెడుతున్నాం. నువ్వొచ్చి మాట్లాడు. నీకు తెలుగు వచ్చు. ఇక్కడ పుట్టి, ఇక్కడ ఆడి, మా దగ్గర పనిచేస్తున్నవాడివి. నీ మాట వింటారు."

"నాకు ఇమిగ్రేషన్ సంగతులేం తెలుసు?"

"చెప్పాల్సిందంతా కాగితం మీద మేమే రాసిస్తాం. చదివితే చాలు."

కాగితంలో ముఖ్యమైన సంగతి ఒకటే: రెండేళ్ళ కోర్సు పూర్తయితే మూడేళ్ళ వర్క్ పర్మిట్ వస్తుంది. నిజానికి ఆ కాలేజీ ఒక ప్రభుత్వ కాలేజీతో ఒప్పందం మీద కోర్సులు నడిపేది. ఆ ఒప్పందం ఉన్నంతవరకే అక్కడ చదివిన పిల్లలకు పర్మిట్. ఒప్పందం గురించి కాగితంలో లేదు. హేమచంద్ర అడగలేదు.

మే నెలలో హైదరాబాద్‌లో ఒక హోటల్ హాల్లో మాట్లాడాడు. అతని తెలుగు తల్లి దగ్గర నేర్చుకున్న తెలుగు. 'ళ' పలకదు, పెద్దలకూ చిన్నలకూ అందరికీ 'అండి' చేరుస్తాడు. జనం ముచ్చటపడి విన్నారు. చివర ఒకాయన లేచాడు. ఖమ్మం ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్, విశ్వనాథం. పక్కన కూతురు ధరణి.

"బాబూ, ఇవన్నీ మాకు అర్థం కావు. ఒక్కటే అడుగుతా. మీకు సొంత చెల్లెలుంటే ఈ కాలేజీలో చేర్పిస్తారా?"

"చేర్పిస్తానండి" అన్నాడు హేమచంద్ర.

ఆ సెప్టెంబరులో నలభై ఒక్కమంది తెలుగు పిల్లలు వచ్చారు. హేమచంద్ర మూడుసార్లు ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకొచ్చాడు. చలికోట్లు ఎక్కడ కొనాలో చూపించాడు. ధరణి ఒక కాఫీ షాపులో పనికి చేరింది. శనివారాలు మ్యాచ్‌లకొచ్చి, ఆట అర్థం కాకపోయినా కూర్చునేది. "సార్, వాళ్ళు ఎందుకు అస్తమానం ఆగిపోతారు?" అని అడిగేది. హేమచంద్ర ఓపిగ్గా చెప్పేవాడు.

నవంబరులో, ఒక మధ్యాహ్నం, రికార్డుల సెక్షన్లో పనిచేసే బేబీ గారు అతని గదికొచ్చారు. కాకినాడ నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళయిన మనిషి, పెద్దగా ఎవరితోనూ మాట్లాడరు. తలుపు వేసి ఒక ఉత్తరం నకలు బల్ల మీద పెట్టారు.

"దీని మీద తేదీ చూడు బాబూ."

ఒప్పందాన్ని రద్దు చేస్తున్నామనీ, ఈ సెప్టెంబరు నుంచి చేరేవాళ్ళకు అది వర్తించదనీ ఆ ప్రభుత్వ కాలేజీ రాసిన ఉత్తరం అది. తేదీ మార్చి పదకొండు. అందినట్టు కింద ఉన్న సంతకం గ్రెగ్‌ది.

"నువ్వు ఇండియా వెళ్ళింది మేలో కదా" అన్నారు బేబీ గారు. "నీకు తెలిసే వెళ్ళావేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. మొన్న ఆ ఖమ్మం పిల్లతో నువ్వు పర్మిట్ గురించి మాట్లాడుతుంటే విన్నాను. తెలియదని అర్థమైంది."

హేమచంద్ర ఆ కాగితం పట్టుకుని నేరుగా గ్రెగ్ గదికి వెళ్ళాడు. అక్కడ జరిగింది అతను నాకు ఒక్కసారే చెప్పాడు.

"ఇది నీకు మార్చిలోనే తెలుసా?"

గ్రెగ్ కాగితం చూశాడు. కాదనలేదు. "కొత్త ఒప్పందం కుదురుతుందనుకున్నాం. కుదరలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు అంత బాగా మాట్లాడేవాడివి కాదు. నీ సంగతి నాకు తెలుసు హేమా. నీకు అబద్ధం చెప్పడం రాదు. అందుకే నిజమనుకునేలా ఉంచాను."

హేమచంద్ర కుర్చీలో కూర్చుండిపోయాడు. గ్రెగ్ లేచి వచ్చి నీళ్ళ గ్లాసు అందించాడట. అతను తీసుకోలేదు.

"టీమ్ కోసమే చేశాను. నీ కోసం కూడా" అన్నాడు గ్రెగ్.

టీమ్ కూడా నిలవలేదు. మరుసటి వారమే వచ్చే ఏడాది నుంచి ఫుట్‌బాల్ ఉండదని నోటీసు పెట్టారు. ఆ నిర్ణయం సంగతి కూడా గ్రెగ్‌కి వేసవి నుంచే తెలుసు.

కాలేజీ వాళ్ళు విద్యార్థులకు ఏమీ చెప్పలేదు. హేమచంద్రే నలభై ఒక్కమందినీ జిమ్‌కి రమ్మని, ఉత్తరం చదివి, తెలుగులో వివరించాడు. తనకు తెలియదని కూడా చెప్పాడు. కొందరు ఫోన్లు తీసి కన్సల్టెంట్లకు కాల్ చేశారు. ఒక అబ్బాయి నేల మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. ధరణి మాత్రం కదలకుండా నిలబడింది.

"ధరణీ, నిజంగా నాకు తెలియదమ్మా."

"తెలియకపోతే తెలియదని చెప్పాలి సార్. ఆ గ్రెగ్ ఇంగ్లీషులో చెప్పి ఉంటే మా నాన్న నలుగుర్ని అడిగి కనుక్కునేవాడు. మీరు తెలుగులో చెప్పారు. ఇంకెవర్నీ అడగలేదు."

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు.

హేమచంద్ర రాజీనామా చేశాడు. ఆ ఉత్తరాన్ని రాష్ట్ర అధికారులకు పంపాడు. కాలేజీ వాళ్ళు వెంటనే ఒక ప్రకటన ఇచ్చారు: భారతదేశంలో కోచ్ హేమచంద్ర చేసిన వాగ్దానాలు ఆయన వ్యక్తిగతమైనవనీ, వాటితో సంస్థకు సంబంధం లేదనీ. ఏ కాగితం చూసి చదివాడో ఆ కాగితం వాళ్ళ దగ్గర లేదన్నారు. తన దగ్గరున్న ప్రతిని హోటల్ గదిలోనే వదిలేసి వచ్చాడు ఇతను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ మరుసటి మార్చిలో మా తెలుగు సంఘం ఉగాది సభ. ప్రతి ఏడూ పిల్లల ఆటల పోటీలు నడిపేది హేమచంద్రే. కమిటీలో అధ్యక్షుడు సుబ్బరాజు గారు, "ఈసారి అతను వేదిక ఎక్కకపోతే మంచిది. స్టూడెంట్స్ వస్తారు, గొడవవుతుంది" అన్నారు. అతని తప్పు లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా సరేనని చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఆ సంగతి అతనికి చెప్పే పని కూడా నాకే అప్పగించారు. వెళ్ళి చెప్పాను. "సరే అంకుల్" అని, పోటీల కోసం కొనిపెట్టిన రిబ్బన్లూ విజిల్సూ ఉన్న సంచి నా చేతికిచ్చాడు. ఆ సంచి పట్టుకుని మెట్లు దిగాను. వెనక్కి వెళ్ళి ఏదైనా అనాల్సింది. అనలేదు.

ఆ వసంతమంతా శనివారం ఉదయాలు అతను ఒక పని పెట్టుకున్నాడు. విద్యార్థులు ఇచ్చిన నంబర్లతో ఇండియాలో తల్లిదండ్రులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "నేను చెప్పింది తప్పండి, కనుక్కోకుండా చెప్పాను" అన్నాడు. కొందరు తిట్టారు. కొందరు మధ్యలోనే పెట్టేశారు. విశ్వనాథం గారు పూర్తిగా విన్నారు.

"మీరొక్కరే ఫోన్ చేశారు బాబూ" అన్నారు చివరికి. "కానీ మీరు చేశారని మా అమ్మాయికి చెప్పను. మీతో మాట్లాడానని తెలిస్తే నా మీద అలుగుతుంది."

పిల్లల్లో పదకొండుమంది ఇండియా వెళ్ళిపోయారు. కొందరు వేరే కాలేజీల్లో మొదటి నుంచి మొదలుపెట్టారు. కొందరు మనవాళ్ళు ఎక్కువగా ఉండే బ్రాంప్టన్ వైపు వెళ్ళారు, వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. ధరణి దగ్గర్లో ఉన్న మూస్‌జాలో పిల్లల సంరక్షణ కోర్సు చేసి, అక్కడే డే కేర్‌లో పనిచేస్తోందని బేబీ గారు చెప్పారు. హేమచంద్ర ఇప్పుడు హైవేల శాఖలో ఉద్యోగి. మంచు తీసే బండ్లు ఏ రోడ్డుకి ఎప్పుడు వెళ్ళాలో చూసే పని. ఆట నేర్పమని రెండు స్కూళ్ళు అడిగాయి. వెళ్ళలేదు.

పోయిన అక్టోబరులో సీతారామారావు గారు పోయారు. ఇప్పుడు కాల్గరీలో ఉంటున్న గ్రెగ్ అక్కడినుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. రాగిణి గారి దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. హేమచంద్ర అతన్ని చూసి వంటింట్లోకి వెళ్ళిపోయాడు, వచ్చినవాళ్ళకు కాఫీలు కలుపుతూ అక్కడే ఉన్నాడు. నేను కప్పులు అందిస్తున్నాను. కారు వెళ్ళిపోయిన చప్పుడు విని రాగిణి గారు లోపలికొచ్చారు.

"ఏమన్నాడమ్మా?"

"నాన్న గురించే మాట్లాడాడురా. తలుచుకుని ఏడ్చాడు."

"ఏడుస్తాడు. వాడికి నాన్నంటే నిజంగానే ఇష్టం" అన్నాడు హేమచంద్ర పాలగిన్నె దించుతూ. "వాడు దుర్మార్గుడైతే నేనెప్పుడో మర్చిపోయేవాణ్ణమ్మా."