నేను చంపిన వైఫై కార్డు

పోయిన వారం మా ఇంట్లో కంప్యూటర్ అప్‌డేట్ చేసుకుని మళ్లీ లేచేసరికి, వైఫై గుర్తు ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది. సెట్టింగ్స్ తెరిస్తే ‘వైఫై అడాప్టర్ కనబడలేదు’ అని ఒక్క ముక్క. నేను తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాతికేళ్లుగా కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటున్నవాణ్ని. ఇప్పుడా మాట నన్ను భయపెట్టదు. ఫోన్‌ను వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఆ నెట్‌తో డ్రైవర్ మళ్లీ ఎక్కించాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. కానీ ఆ పది నిమిషాలూ నా చెవులు కాలిపోతూనే ఉన్నాయి. మా ఆవిడ కాఫీ తెచ్చి, నా మొహం చూసి, “జొరమా?” అంటూ నుదుటి మీద చెయ్యి పెట్టింది. జ్వరం కాదు. ఏడేళ్ల కిందట చిత్తూరులో మా వదిన ముందు కూర్చుని ఇదే మాట చదివి, నేను చేసిన పని గుర్తొచ్చింది.

మా అన్నకు చిత్తూరులో బెల్లం మండీ ఉంది. కింద మండీ, పైన ఇల్లు. మెట్లెక్కుతుంటేనే బెల్లం వాసన చొక్కాకు పట్టుకుంటుంది. ఆ ఇంట్లో చీమలు కూడా సొంతదారుల్లా తీరిగ్గా తిరుగుతాయి, ఎవరూ వాటిని తరమరు. వదినది సత్యవేడు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, కోపం వస్తే రెండూ. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లిపోయాక, నలభై మూడేళ్ల వయసులో, ఆమెకు తనదైన ఒక పని దొరికేలా ఉండింది. వ్యవసాయం మీద తమిళంలో తీసిన వీడియోలకు తెలుగు మాటలు రాసి పంపే పని. ఎవరో చెన్నైవాళ్లు. ముందు ఒక పరీక్ష పెడతామన్నారు. మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, వాళ్లు చూస్తుండగా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక వీడియోకు రాసి చూపించాలి. అందుకని వదిన, కూతురు వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌ను తుడిచి, పూల గుడ్డ కప్పి, వంటింటి అరుగు మీద పెట్టుకుంది. తెలుగు టైపింగ్ ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుంది. చారు మరిగే లోపల రెండు వాక్యాలు, కుక్కర్ కూత వేసే లోపల ఇంకో రెండు.

పరీక్షకు ముందు ఆదివారం నేను భోజనానికి వెళ్లాను. ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోందో చూసి, నవ్వాను. ఎవరూ అడగకుండానే, దీంట్లో ఉన్న సిస్టమ్ తీసేసి లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేస్తే పరిగెడుతుందని చెప్పాను. వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, “పరీచ్చ అయినాంక వేద్దాంలేప్పా. మెల్లగా అయినా పోతానే ఉండాది గదా” అంది. గంట పని వదినా, అన్నాను. నా చేతి కింద ల్యాబులో నూరు కంప్యూటర్లు ఉండేవి, ఆ నూరూ నా తలలో ఉండేవి. పాత సిస్టమ్ మొత్తం తుడిచేసి లినక్స్ వేశాను. వెనక్కి పోవడానికి దారి కూడా ఉంచుకోలేదు. ల్యాప్‌టాప్ నిజంగానే చురుగ్గా లేచింది. వైఫై మాత్రం లేదు.

ఇప్పుడు చెబితే చాలా చిన్న సంగతి. వైఫై కార్డు అనేది లోపల ఉండే వేలెడంత పలక. దాంతో సిస్టమ్ మాట్లాడాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కావాలి. ఆ కార్డు డ్రైవర్ లినక్స్‌తోపాటు రాదు, నెట్‌లోంచి విడిగా తెచ్చుకోవాలి. డ్రైవర్ తేవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపితే ఆ చిక్కు విడిపోయేది. ఆ వైరు వదిన వంటింట్లోనే, పప్పు డబ్బాల వెనక వేలాడుతూ ఉండేది. కానీ మా ల్యాబులో అన్నీ వైర్లతో నడిచే కంప్యూటర్లే. వైఫై జోలికి నేనెప్పుడూ పోలేదు. ‘నాకు తెలియదు’ అనే రెండు మాటలు ఆ రోజు నా నోట్లోంచి వచ్చి ఉంటే, అడిగి తెలుసుకోవడానికి కాలేజీలో నలుగురున్నారు.

సోమవారం సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. ఫోన్‌లో కనబడిన కమాండ్లన్నీ, అర్థం చేసుకోకుండా, చూసి చూసి కొట్టాను. మధ్యాహ్నం అన్న మండీ కట్టేసి పైకొచ్చాడు. “ఏందప్పా, ఇంగా కాలేదా? ల్యాబులో నూరు సూస్తావు, ఈ ఒకటి నీకు లెక్కా?” అన్నాడు. ఎగతాళికి కాదు, మురిపెంగానే అన్నాడు. ఆ మురిపెమే నన్ను చెడగొట్టింది. తల ఎత్తకుండానే, “కార్డు పోయిందన్నా. వంటింట్లో ఆవిరి తగిలి ఉంటుంది” అన్నాను. అంత సులువుగా ఎలా వచ్చిందో ఆ అబద్ధం!

అన్న వదిన వైపు తిరిగాడు. “నీకు ఎన్ని తూర్లు సెప్పినా, దాన్ని పొయ్యికాడ పెట్టొద్దని? పని నేర్సుకునేదానికి ముందు వస్తువు పెట్టుకునేది నేర్సుకోవాల.”

“నిన్న మద్దేనం దాకా బాగానే ఉన్నింది గదా...” అని వదిన నా వైపు చూసింది. నేను తెర వైపు తిరిగి ఏదో టైపు చేస్తున్నట్టు వేళ్లు ఆడించాను.

“గమ్మునుండు. తెలిసినోడు సెప్తా ఉండాడు గదా” అన్నాడు అన్న. వదిన, పక్కింటి టీచరమ్మ ల్యాప్‌టాప్ ఒక్క పూటకు అడిగి తెచ్చుకుంటానంది. “దాన్నీ సెడగొట్టేదానికా?” అన్నాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మంగళవారం పదకొండుకు ఫోను మోగింది. వదిన వంటింట్లోనే నిలబడి తమిళంలో మాట్లాడింది. సిస్టమ్ చెడిపోయిందని చెప్పింది. చివర్లో “ఎన్ తప్పుదాన్” అంది. తప్పు నాదే, అని. ఆ మాత్రం తమిళం నాకూ వచ్చు. ఫోను పెట్టేసి, నాకు బస్సుకు టైమవుతుందని సంగటి, ఊరిబిండి వడ్డించింది. చెనక్కాయలు వేయించి నూరిన ఆ ఊరిబిండి అంటే నాకు ప్రాణమని ఆమెకు తెలుసు. రెండో ముద్ద కూడా పెట్టించుకుని తిన్నాను.

బాగుచేయిస్తానని ల్యాప్‌టాప్ తిరుపతికి తెచ్చుకున్నాను. మర్నాడు ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు పక్కన ఇంకో కంప్యూటర్ పెట్టుకుని, మొదటిసారి నిదానంగా చదివాను. ఏ పరికరాలున్నాయో చూపించే కమాండ్ కొడితే, వైఫై కార్డు పేరూ నంబరూ తెర మీద నిక్షేపంగా కనిపించాయి. అది చావలేదు, డ్రైవర్ కోసం ఎదురుచూస్తోంది. ఫోను వైరుతో కలిపాను, డ్రైవర్ ఎక్కించాను, అడ్డుపడుతున్న ఇంకో డ్రైవర్‌ను ఆపాను, సిస్టమ్ మళ్లీ తెరిచాను. తెర మూలన వైఫై గుర్తు వెలిగింది. సంతోషించాల్సింది పోయి, ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు చూశాను.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. తర్వాతి ఆదివారం చిత్తూరు వెళ్లి, కొత్త కార్డు వేయించానన్నాను. అన్న నా భుజం తట్టాడు. వదిన గుడ్డతో ల్యాప్‌టాప్ తుడుస్తూ, “పాతది యాడ?” అని అడిగింది. పారేశానన్నాను. “అట్నా” అంది. చెన్నైవాళ్లు అప్పటికే ఇంకొకరిని తీసుకున్నారు. ఆ ఇంట్లో ల్యాప్‌టాప్ వంటింటి నుంచి బీరువా పైకి మారింది.

ఏడాదిన్నర తర్వాత ఒకసారి వెళ్లినప్పుడు చూస్తే, వదిన దాన్ని కిందికి దించి, కమాండ్లు కొట్టే నల్లటి తెర ముందు కూర్చుని ఉంది. ఏదో అప్‌డేట్‌తో వైఫై మళ్లీ పోయిందట. నేను చూస్తానని కుర్చీ లాక్కోబోతే, “అయిపోయిందప్పా. పై బాణం నొక్కితే అప్పుడు నువ్వు కొట్టినవన్నీ వరసగా వస్తా ఉండాయి. నువ్వు దించిన డ్రైవరు దీంట్లోనే ఉన్నింది, వాట్నే మళ్లా కొట్టినాను” అంది. తర్వాత, గొంతేమీ మార్చకుండా, “కొత్త కార్డు అయితే పేరు మారాల గదా? ల్యాప్‌టాప్ వచ్చిన పెట్టె మింద ఉండే పేరే ఈడా ఉండాది” అంది. నేను తెర మీద ఆ పేరు చదువుతున్నట్టు వంగాను. ఇంతలో అన్న పైకొచ్చి ఏమైందన్నాడు. చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం దేవుడు కూడా ఇవ్వలేడు. వదిన నా మొహం చూసింది. తర్వాత తనే, “ఏం లేదు, సర్దుకునింది” అంది.

అన్న మాత్రం చుట్టాలొచ్చినప్పుడల్లా, ఆవిరికి కార్డు తగలేసిన వదిన కథ చెప్పి నవ్విస్తూనే ఉండేవాడు. నేనూ వాళ్లలో కూర్చుని ఒకటి రెండుసార్లు నవ్వాను. అది కూడా రాయాలి.

మొన్న ఆదివారం వెళ్లి అన్నకు చెప్పేశాను. వదిన ఎదురుగానే, మొదటి నుంచి చివరిదాకా. అన్న గట్టిగా నవ్వాడు. “ఎప్పుడో అయిపోయినదానికి ఇప్పుడేందప్పా! ఇప్పుడు అది ఎంత పని సేస్తా ఉండాదో సూడు” అన్నాడు. నిజమే. ఇప్పుడు వదిన రోజూ నాలుగు గంటలు వీడియోలకు తెలుగు రాస్తోంది, వేరేవాళ్ల దగ్గర, తనే వెతుక్కున్న పని. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్స్ మెడ మీదికి దించి, నా మాటలన్నీ వింది. కోప్పడుతుందని చూశాను, కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“ఆ పొద్దే సెప్పింటే మీ అన్న నిన్ను రెండు తిట్లు తిట్టింటాడు, అంతేగదప్పా” అంది. “నాకు మళ్లా ఒకర్ని పని అడిగేదానికి మూడేండ్లు పట్టింది. నాకేం సేతగాదనుకున్నా.” మళ్లీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఆమె తిట్టిందా, క్షమించిందా నాకు తెలియలేదు. బస్సులో చంద్రగిరి దాటేదాకా ఆ మూడేళ్లనే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తప్పు చేసింది ఒక్క మధ్యాహ్నమే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఒప్పుకోకుండా గడిపిన ప్రతి రోజూ దాన్ని మళ్లీ కొత్తగా చేస్తూనే ఉన్నానని తెలియడానికి నాకు ఏడేళ్లు పట్టింది.