వేలితో తిప్పిన రోజులు

నల్లగొండ నూనె మిల్లులో తెల్లవారుజామున మోగాల్సిన గంట కొన్నాళ్లుగా అప్పుడప్పుడు మోగడం లేదు. మోగని రోజున ఆలస్యమైన కూలీలను గేటు నుంచే వెనక్కి పంపేవారు. గుర్వమ్మ కూడా అలా తిరిగొచ్చేది.

ఆమె భర్త రామచంద్రయ్య గడియారాలు బాగుచేస్తాడు. మిల్లువాళ్లు ఆయననే పిలిచారు. గోడ గడియారం గంటకోసారి తీగల ద్వారా పక్కనున్న పెట్టెలోని చక్రాన్ని ఒక పన్ను జరిపితే, వేళకు ఆ పెట్టె గంటను మోగిస్తుంది. రోజుల తరబడి దాని ముందే కూర్చున్నాడు. ఆయన చూస్తున్నంతసేపూ అన్నీ సరిగ్గానే నడిచేవి. కళ్లు మండిపోయాయి.

"గా పెట్టెకు పొద్దు కనబడ్తదా? గడియారం చెప్పిందే వింటది. ఇంట్ల పాతదున్నది గదా, అది తగిలిచ్చి చేత్తోని తిప్పరాదా?" అంది గుర్వమ్మ సద్ది కట్టుకుంటూ.

ఆయన మిల్లులో అసలు గడియారం తీగలు విప్పి, ఇంటినుంచి తెచ్చిన పాతదానికి కలిపి, ముల్లును వేలితో తిప్పాడు. చాయ్ చల్లారేలోపు పెట్టెకు వారం గడిచిపోయింది. చక్రంలో అరిగిన పన్నొకటి జారడం అప్పుడు కంటబడింది. చక్రం మార్చి, సాయంత్రందాకా ఒక నెల తిప్పి చూశాడు. వేలు బొబ్బలెక్కింది.

మర్నాడు తెల్లవారకముందే గంట మోగింది. గుర్వమ్మ నడుం పట్టుకుని లేచింది.

"మంచిగనే మోగుతాంది. ఇగ ఒక్కనాడన్న జరసేపు ఎక్కువ పండుకునే దారి లేదు," అంటూ కొప్పు ముడుచుకుంది.

రామచంద్రయ్య అటు తిరిగి పడుకున్నాడు. నిద్ర మాత్రం పట్టలేదు.