నా గొంతు తిరిగొచ్చిన ఆదివారం

సహోదరులారా, సహోదరీలారా, వందనాలు చెప్పడానికి కూడా గొంతు లేని రోజులు చూసినదాన్ని కనుక ముందుగా మీ అందరికీ నోరారా వందనాలు. నా పేరు మార్త, ఈ బర్మా దేశంలో, తామ్వే పేటలో అయిదో అంతస్తులో మా కాపురం, నేను ఎంత వాగుడుకాయనో మా మెట్ల మీద ఎక్కి దిగే వాళ్లందరికీ తెలుసు. అలాంటి నాకు మొన్న వానాకాలంలో నోట్లోంచి ఒక్క మాట రాకుండా పోయింది. మాట్లాడటమే నా ఉద్యోగం, గొంతు లేకపోతే ఆ ఉద్యోగం లేదు, ఆ ఉద్యోగం లేకపోతే మా ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలియదు, అంతకంటే ఘోరం, నా కూతురు రూతును పేరు పెట్టి పిలుచుకోలేకపోయాను.

ఊరి చివర మింగళాడోన్ దగ్గర కొరియా వాళ్ల బట్టల ఫ్యాక్టరీలో నేను ఇంటర్‌ప్రెటర్‌ని. పెళ్లికి ముందు సీరియళ్ల పిచ్చిలో పడి సంచౌంగ్ పేటలో ఒక టీకొట్టు మేడ మీద కొరియా భాష నేర్చుకున్నాను, అదే తర్వాత అన్నం పెట్టింది. కొరియా మేనేజరు చెప్పింది బర్మా భాషలో కుట్టుపిల్లలకు చెప్పాలి, వాళ్లు చెప్పింది ఆయనకు చెప్పాలి, నా సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. మా మేనేజరు హాన్ గారు. కొరియా పద్ధతిలో మేమాయన్ను బుజాంగ్‌నిమ్ అంటాం, అంటే విభాగానికి పెద్ద. సియోల్‌లో మనకంటే ముందే తెల్లవారుతుంది కదా, ఇక్కడ మా కుక్కర్ కూత వేయకముందే అక్కడి హెడ్డాఫీసు ఆయన మీద కూతలు మొదలుపెట్టేది, ఆర్డరు ఎందుకు ఆలస్యం, కరెంటు ఎందుకు పోయింది, జనరేటరు ఎందుకు ఆగింది అని. ఆ తిట్లు ఆయన మోసుకొచ్చి నాకిచ్చేవారు, నేను కుట్టుపిల్లలకు పంచేదాన్ని. మా మ ఖిన్ నోట్లోంచి ఇన్ని తిట్లా అని వాళ్లు నా వైపు చూసేవాళ్లు. మ ఖిన్ అంటే నేనే, ఫ్యాక్టరీలో నా బర్మా పేరు.

సాయంత్రం ఇంకో బాధ. పెద్దవాడు కుర్చీలోంచి లేవకుండా చిన్నవాడు ఇంటికి వెళ్లకూడదని కొరియా ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది, ఎవరూ గోడకు రాసి పెట్టరు గానీ అందరికీ తెలుసు. హాన్ గారి పైన ఒక డైరెక్టరు గారున్నారు, ఆయన గదిలో లైటు వెలుగుతుంటే హాన్ గారు లేవరు, హాన్ గారు లేవకపోతే మేము లేవం. మా బర్మా వాళ్లకేమో ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని కాదనలేని మొహమాటం. పని ఎప్పుడో అయిపోయినా ఊరికే కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లం, బయట ఫెర్రీ, అదే మా ఫ్యాక్టరీ బస్సు, ఇంజను ఆపుకుని ఎదురుచూసేది. రూతు హోంవర్కు, అన్నం, జడ, జ్వరం అన్నీ మా అత్త సారమ్మ చూసేది. మా ఆయన యోహాను గోడౌన్‌లో పని చేసి వచ్చి నాకోసం కిటికీలో నిలబడేవాడు, రోజులు బాగాలేవు కదా, మనిషి గడప దాటితే తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

నాకు గుండె దడ మొదలైంది. ఫోన్ టింగుమంటే అరచేతులు చెమటలు పట్టేవి. చర్చిలో పాట పాడుతుంటే కూడా బ్యాగులో ఫోన్ మోగినట్టే ఉండేది, తీసి చూస్తే ఏమీ ఉండేది కాదు.

ఒక రోజు పొద్దున్న ఒక కుట్టుపిల్ల బిడ్డకు జ్వరమని, ఇంటికి పోతానని అడిగింది. ఆ మాట హాన్ గారికి చెప్పాను. సరుకు కంటైనరు బయలుదేరాక వెళ్లమనండి అన్నారాయన. అది ఆ పిల్లకు బర్మా భాషలో చెబుదామని నోరు తెరిచాను, రాలేదు. దగ్గాను, నీళ్లు తాగాను, మళ్లీ తెరిచాను, గాలి వచ్చింది గానీ మాట రాలేదు. హాన్ గారు ఇంకోసారి చెప్పారు, నేను వినలేదేమో అనుకున్నారు. ఆ పిల్ల నా నోటి వైపే చూస్తూ నిలబడింది. మిషన్లన్నీ నడుస్తూనే ఉన్నాయి. దేవా, ఏమైంది నాకు!

గొంతు డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, అమ్మా నీ గొంతులో ఏ లోపమూ లేదు, విశ్రాంతి తీసుకో అన్నాడు. పాస్టరు గారు నూనె రాసి ప్రార్థించారు, మీరంతా ఉపవాసం ఉన్నారు, ఆ ప్రేమకు నేనేమిచ్చి రుణం తీర్చుకుంటాను. అయినా మాట రాలేదు. ఎందుకంటే, సహోదరీలారా, ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, నేను మోకాళ్ల మీద, ప్రభువా నా గొంతు నాకివ్వు అని లోపల లోపల అడుగుతూనే, వస్తే మళ్లీ మింగళాడోన్ వెళ్లాలి కదా అని వణికిపోయేదాన్ని. రాకపోతే ఉద్యోగం పోతుందని భయం, వస్తే ఉద్యోగానికి పోవాలని భయం. ఆ రెండు భయాల మధ్య నిద్ర లేదు, ఆకలి లేదు. రూతు నాకు సైగలు చేయడం మొదలుపెట్టింది, దాని చిన్న చేతులు చూసి బాత్రూంలోకి పోయి ఏడ్చేదాన్ని.

వాన తెరిపిచ్చి ఎండ కాసిన ఒక ఆదివారం మధ్యాహ్నం, కరెంటు లేని వేళ, హాన్ గారు అయిదు అంతస్తులు ఎక్కి మా గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో క్యారియరు, చొక్కా అంతా చెమట. ఉద్యోగంలోంచి తీసేశామని చెప్పడానికే వచ్చారనుకున్నాను, మా ఆయన ముఖం కూడా పాలిపోయింది. ఆయన బూట్లు విప్పి, చాప మీద మోకాళ్లు మడిచి కూర్చుని క్యారియరు మూత తీశారు. బియ్యం జావ. కొరియాలో ఒంట్లో బాగాలేని వాళ్లకు అదే పట్టుకెళతారు, ఆయనే స్వయంగా కాచారట. ఇంటర్‌ప్రెటర్ మూగదైపోయాక ఆయన మాట మా ఇంట్లో వాళ్లకు ఎవరు చెబుతారు? మా అత్త మాత్రం ఆ లెక్కేమీ పెట్టుకోలేదు.

"ఏటి బాబూ, ఇంతెండలో వొచ్చినావు? బువ్వ తిన్నావా?" అని తెలుగులోనే అడిగింది. ఆయన వంగి దండం పెట్టారు.

తర్వాత నాతో కొరియా భాషలో అన్నారు, పని గురించి రాలేదు, మా అమ్మ రోజూ వేకువ ప్రార్థనకు వెళ్లేది, నన్నూ తీసుకెళ్లేది, ఇక్కడికొచ్చాక నేను మానేశాను, మీ కోసం ప్రార్థించవచ్చా అని. ఆయన విశ్వాసి అని ఇన్నేళ్లలో నాకు తెలియదు! నేను తల ఊపాను. కొరియా విశ్వాసులు ప్రార్థనకు ముందు ప్రభువా, ప్రభువా, ప్రభువా అని గొంతెత్తి పిలుస్తారు, ఆయన అలా పిలిచేసరికి పక్కింటి వాళ్లు తలుపులు తీశారు. నా కోసం మొదలైన ప్రార్థన కాసేపటికి ఆయన కోసమైపోయింది.

"ప్రభువా, ఈమె గొంతు ఈమెకు తిరిగి ఇవ్వండి. నా తిట్లు మోసి మోసి ఈమె గొంతు పోయింది. ప్రభువా, నాకు భయంగా ఉంది. తెల్లవారి ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. నా చిన్నకూతురు వీడియోలో నన్ను చూసి కొత్తవాళ్లకు పెట్టినట్టు వంగి దండం పెడుతోంది. నేను లేవలేను, నేను లేవకపోతే వీళ్లు లేవలేరు. మాలో ఎవరో ఒకరు కూలిపోయేదాకా ఇలాగే కూర్చోవాలా ప్రభువా!"

ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. నాకు చెమటలు పట్టించిన మనిషి, నాలాగే చెమటలు పట్టి నా చాప మీద ఏడుస్తున్నాడు. మా అత్త కంగారుగా నా మోచెయ్యి పట్టుకుని ఊపింది.

"ఏటే, ఏటంతన్నాడే ఆ బాబు? అలా ఏడుస్తన్నాడేటి?"

ఎవరైనా ఏమన్నాడని అడిగితే చెప్పేయడం నాకు అలవాటు కదా, ఆలోచించలేదు, మొద్దు గొంతుతో, బొంగురుగా, "బయమేస్తందంట అత్తా" అన్నాను. అని ఊరుకోలేదు. "నాకూ బయమేస్తంది అత్తా, శానా బయమేస్తంది" అన్నాను. పని మొదలుపెట్టాక ఒకరి మాట వెనక నా మాట కలపడం అదే మొదటిసారి.

ముందు రూతు అరిచింది. మా ఆయన నేలమీద కూలబడ్డాడు. మా అత్త నా తలను తన ఒళ్లో పెట్టుకుని, "ఓలమ్మ, ఇన్నాళ్లూ సెప్పవేటే, నాతోనైనా సెప్పవేటే" అని ఏడ్చింది. దేవునికే మహిమ! డాక్టరు గొట్టానికి కనబడనిది ఆయన చూశాడు, నా భయాన్ని ముందు ఇంకొకరి నోట నాకు వినిపించి, తర్వాత నా నోరు తెరిచాడు.

నేను మళ్లీ పనికి వెళుతున్నాను. గొంతు ఇంకా అప్పుడప్పుడు జీరపోతుంది. సాయంత్రం పని అయిపోగానే నేనే హాన్ గారి బల్ల దగ్గరికి వెళ్లి, బుజాంగ్‌నిమ్, పిల్లలు ఇళ్లకు పోవాలి, లేవండి అంటాను, వణుకుతూనే అంటాను. ఆయన బ్యాగు తీసుకుని అందరికీ కనబడేలా బయటికి నడుస్తారు, అప్పుడు అందరూ లేచి ఫెర్రీ ఎక్కుతారు. చాలా రోజులకు గాని వాచ్‌మన్ చెప్పలేదు, మా ఫెర్రీ వెళ్లిపోగానే ఆయన వెనక గేటు నుంచి లోపలికి వచ్చి మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చుంటున్నారట. డైరెక్టరు గారి గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంటుందట.

అందుకే, సహోదరులారా, ఈ సాక్ష్యం నేను నవ్వుతూ ముగించలేకపోతున్నాను. ఆయన్ను ఈ రోజు మన చర్చికి రమ్మన్నాను, వస్తానన్నారు, రాలేదు, ఆదివారమైనా ఫ్యాక్టరీలోనే ఉన్నారు. నన్ను విడిపించిన దేవుడు ఆయన్నూ విడిపిస్తాడని నమ్ముతున్నాను, నమ్ముతూనే భయపడుతున్నాను. మీలో కూడా బాగున్నాను బాగున్నాను అని అందరికీ చెప్పి గుండె పట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు, మీ ముఖాలు నాకు తెలుస్తున్నాయి. దేవునికి చెప్పండి, ఇంట్లో వాళ్లకు చెప్పండి, భయమేస్తోందని చెప్పడానికి సిగ్గుపడకండి, ఆయన మనల్ని తోసేసే దేవుడు కాడు. ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. నా కోసం ప్రార్థించినంత గట్టిగా హాన్ గారి కోసం ప్రార్థించండి, ఈ సాయంత్రమైనా ఆయన ఆ కుర్చీలోంచి లేచి తన బిడ్డకు ఫోన్ చేసుకోవాలని అడగండి.