కాలు కింద పెట్టకుండా ఎనిమిది

మా ఊరికి పొద్దున వచ్చే బస్సు ఎత్తేసిన ఏడాదే నాకు పక్క ఊరి బళ్ళో విద్యా వాలంటీరు పని దొరికింది. నడిస్తే గంటన్నర. నాలుగైదు సార్లు ఆలస్యమయ్యేసరికి హెడ్మాస్టరు గారు మొహమాటం లేకుండా చెప్పేశారు: "వేళకు రాలేనంటే చెప్పెయ్యమ్మా, ఇంకొకర్ని చూసుకుంటాం." ఆ పని పోతే నేను మళ్ళీ కళ్ళంలో కూర్చుని, రంగు పోయిన మిరపకాయలు ఏరుకోవాల్సిందే.

నాన్న స్కూటీ కొన్నాడు. కొన్నాడే గానీ తాళం ఇవ్వలేదు. "లైసెన్సు చేతికొచ్చాకే రోడ్డెక్కేది" అన్నాడు. ట్రాక్టరు తొట్టిలో వేసి పెదకాకాని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించినప్పుడు కూడా ఇంజను స్టార్టు చెయ్యకుండా తానే నెట్టి నిమ్మకాయలు తొక్కించాడు. పూజారి గారు ఆయన్నీ బండినీ మార్చి మార్చి చూశారు.

ఊళ్ళో సగం మంది లైసెన్సు మొహం చూడకుండానే బళ్ళు తోలేవాళ్ళు. నాన్నకే ఎందుకింత పట్టుదలో మాకు తెలుసు. అంతకుముందు ఏడు గుంటూరు యార్డు నుంచి వస్తూ ట్రాక్టరును కల్వర్టు మీంచి కాలవలో పడేశాడు. మనిషికేం కాలేదు గానీ ఇంజను తుక్కయింది. ఏటేటా గడువు దాటకుండా ఇన్సూరెన్సు కట్టిన మనిషి. నష్టం చూడ్డానికొచ్చిన కంపెనీ సర్వేయరు ఒక్కటే అడిగాడు: "నడిపింది ఎవరండీ? లైసెన్సు చూపించండి." నాన్నకు లేదు. కుర్రతనం నుంచీ నడుపుతున్నాడు, ఎవరూ అడగలేదు, తీసుకోలేదు. "వేరే వాడు నడిపాడని చెప్పు, ఎవడు చూడొచ్చాడు?" అని ఊరంతా చెవినిల్లు కట్టుకుని పోరింది. నాన్న చెప్పలేదు. ఇన్సూరెన్సూ రాలేదు. ఆ తర్వాత అప్పు చేసి ఇంజను మార్పించాడు గానీ తాను మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు, లైసెన్సున్న డ్రైవర్ని పెట్టుకున్నాడు.

నాకు ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే కాగితం, వచ్చింది. నేర్చుకునేవాళ్ళ వెనక లైసెన్సున్నవాళ్ళు కూర్చోవాలని రూలు. మాకు తెలిసినంతలో అది ఉన్నది మా డ్రైవరొక్కడికే. పెళ్ళికాని పిల్ల పరాయి మగవాణ్ణి వెనకెక్కించుకుని తిరిగితే మా ఊరు ఊరుకుంటుందా! అందుకని రోడ్డు మాటెత్తకుండా మా కళ్ళంలోనే నేర్చుకున్నాను. బస్తాల మీద మార్కా వేసే ఎర్ర రంగుతో నాన్న బండి ముందు 'ఎల్' అని రాశాడు. టెస్టులో కాలు కింద పెట్టకుండా బండితో ఎనిమిది అంకె వెయ్యాలి. మిరప రాశుల మధ్య నేను అది వేస్తుంటే కూలికొచ్చినవాళ్ళకు వినోదం. "అమ్మాయో, కాయలు తొక్కకే తల్లీ, తిట్లు తినేది మేము!" అని అరిచేవాళ్ళు.

టెస్టు రోజున యార్డుకు వెళ్ళే మిరప బస్తాల మధ్యే స్కూటీనీ కట్టి ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్ళాం. మిరప పండే ఊళ్ళో పుట్టిపెరిగిన దాన్ని, దారంతా బస్తాలు పట్టుకున్న చేత్తో కళ్ళు నలుపుకున్నాను. బుద్ధుండాలి!

"ఏడుస్తావేంటమ్మా, ఇదేమన్నా ఉరిశిక్షా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"ఏడుపు కాదు సార్, కారం."

ఆయన నవ్వి కానిమ్మన్నారు. ఎనిమిదిలో రెండో మలుపు దగ్గర కళ్ళు మసకేసి, ఎడమ కాలు ఒక్క క్షణం నేలకు తగిలింది. సరిగ్గా అప్పుడే ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నారు. తిరిగి చూసేసరికి నేను గీత దాటేశాను. "బాగానే వేశావ్" అంటూ పెన్ను తీశారు.

"కాలు పెట్టిందండి."

టెస్టు జరిగే చోటు చుట్టూ కట్టిన తాడు అవతల నుంచి నాన్న గొంతు. అందరూ అటు తిరిగారు.

"మీరెవరు?"

"దాని నాన్ననండి."

"సొంత కూతురి మీద మీరే చెబుతారేంటండీ?"

"చూశానండి మరి."

వారం ఆగి రమ్మన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. గేటు దాటగానే, "నోరు మూసుకుని నిలబడితే నీ సొమ్మేం పోయేది? నా ఉద్యోగం పోతే నీకు సంతోషమా?" అని అరిచాను.

"కాగితం ఒక్కటి ఉంటే సరిపోద్దా? లారీ ఎదురొచ్చిన రోజున నువ్వు నిలదొక్కుకోవాలిగా" అన్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి నాన్న పాత సైకిలు తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. "ఎక్కు. దీనికి లైసెన్సు అక్కర్లేదు."

ఆ వారమంతా ఆయనే తొక్కాడు. పత్తి చేల పక్కన, తాను ట్రాక్టరు పడేసిన ఆ కల్వర్టు మీంచే. అక్కడ ఎత్తు. దిగి సైకిలు నడిపించేవాడు, నన్ను మాత్రం దిగనిచ్చేవాడు కాదు. చొక్కా వీపంతా తడిసిపోయేది. జాలేసేది, ఆ వెంటనే కోపమూ గుర్తొచ్చేది. ఒక్కరోజు కూడా బడికి ఆలస్యం కాలేదు.

రెండోసారి కారం అంటకుండా బండికి పట్టా చుట్టి తీసుకెళ్ళాం. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. ఎనిమిది వేసి గీత దగ్గర ఆగాను. ఇన్‌స్పెక్టరు గారు నన్ను గుర్తుపట్టారు. పెన్ను తీసి, నా వైపు కాకుండా తాడు అవతలికి చూశారు.

"ఏమండీ, పెట్టిందా?"

నాన్న నా కాలి వైపు చూశాడు. పెట్టి ఉంటే చెప్పేస్తాడు, నాకు తెలుసు.

"పెట్టలేదండి."

ఇన్‌స్పెక్టరు గారు ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు.