ఒకటో ర్యాంకు కార్డు

మొన్న సొరుగు సర్దుతుంటే నా చిన్ననాటి కుస్తీ కార్డులు దొరికాయి. రబ్బరు బ్యాండు కరిగి పై కార్డుకు అంటుకుపోయింది. అది ఒకటో ర్యాంకు కార్డు, మల్లేశ్‌ది.

మేం తూంకుంటకు కొత్తగా వచ్చినప్పుడు బడిలో వాడు నా పక్కనే కూర్చునేవాడు. ర్యాంకు ఎంత చిన్నదైతే వస్తాదు అంత గొప్పవాడని వాడికి తెలియదు. పెద్ద అంకె ఉన్నదే గొప్పదని నమ్మించి, నా ముప్పయ్యో ర్యాంకు కార్డు ఇచ్చి ఇది తీసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండడుగులు వేసి వాడు వెనక్కి వచ్చాడు.

"నీకు ఒకటో నంబరే వచ్చింది గదరా, పాపం. గీ ఇరవై తొమ్మిదో నంబరు కార్డు గూడ నువ్వే ఉంచుకో" అని నా జేబులో పెట్టాడు.

అదీ ఉంచుకున్నాను.

"ఈ రెండూ నువ్వు గెల్చినవేనా నాన్నా?" అన్నాడు మా అబ్బాయి, సొరుగు దగ్గరికి వచ్చి నా చేతిలో ఉన్న ఆ రెండు కార్డులూ చూసి.

"ఒకటి మా మల్లేశ్ ఇచ్చాడు" అన్నాను. ఇంకోదాని సంగతి ఎత్తలేదు.